పదేళ్లవాడికీ అరవై ఏళ్లాయనకూ అవే పది ల్యాపులా?

ఈతకొలనుకు వచ్చే పెద్దలకు, పిల్లల తల్లిదండ్రులకు, కోచ్‌లకు, మున్సిపల్ అధికారులకు మనవి.

వేసవి వస్తే మున్సిపల్ కొలనుల్లో గంటకో బ్యాచ్. ఫీజు రశీదు చూసి లోపలికి పంపడమే, వయసు చూసేవారుండరు. దిగిన అందరికీ ఒకటే కేక: "పది ల్యాపులు కొట్టండి!" ఈ పద్ధతి మారాలి.

అలుపు అందరికీ ఒకేలా రాదు. గట్టిగా శ్రమించినప్పుడు కండరాల్లో పుట్టే లాక్టేట్ చిన్నపిల్లల్లో తక్కువగా తయారవుతుంది. అందుకే స్ప్రింట్ కొట్టి గోడ పట్టుకున్న పిల్లాడు కాసేపటికే "సార్, ఇంకోటి" అంటాడు. అదే స్ప్రింట్ ఇరవై ఏళ్ల కుర్రాడు కొడితే వేగమూ ఎక్కువే, లాక్టేటూ ఎక్కువే; తేరుకోవడానికి పిల్లాడికంటే అతనికే ఎక్కువసేపు పడుతుంది. కుర్రాళ్లకు విశ్రాంతి ఎందుకనే కోచ్‌లు ఇది గమనించాలి. ఇక వయసు మీదపడేకొద్దీ గుండె గరిష్ఠ వేగమే తగ్గిపోతుంది. 220లోంచి వయసు తీసేసే పాత లెక్క ఉజ్జాయింపే అనుకున్నా, అరవై ఏళ్లాయనకు నిమిషానికి 160. నీళ్లలో మరో పది దాకా తగ్గుతుంది. కుర్రాడు అవలీలగా ఈదే 140 దగ్గర ఈయన ఊపిరి అందక రొప్పుతుంటాడు.

గట్టు మీద నిలబడి బారలు లెక్కపెడితే చాలు, అలుపు తెలిసిపోతుంది. మొదటి 25 మీటర్లకు 20 బారలు వేసిన మనిషి ఆరో ల్యాపులో 26 వేస్తున్నాడంటే మోచెయ్యి కుంగుతోంది, పట్టు జారుతోంది. అప్పుడు ఆపాలి. "ఇంకా నాలుగున్నాయి" అని అరవకూడదు.

పెద్దవాళ్లు గట్టిగా ఈదకూడదని మేం అనడం లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో డారా టోరెస్ 41 ఏళ్ల వయసులో మూడు రజతాలు గెలిచారు. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం సెకనులో నూరోవంతు తేడాతో తప్పింది. మన గోలి శ్యామల నలభై దాటిన వయసులో, 2021లో, పాక్ జలసంధిని ఈదారు.

మేం అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వయసూ దమ్మూ చూసి లేన్లు పంచండి. ఒక లేన్ ఆగి ఆగి ఈదేవారికి వదలండి. బోర్డు మీద ల్యాపుల పక్కన ఎంత కష్టంగా ఈదాలో, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలో రాయండి. అందరికీ కనిపించేలా సెకన్ల ముల్లున్న గడియారం పెట్టండి. చేరేటప్పుడే గుండె జబ్బు, వాడే మందుల సంగతి అడగండి. బీటా బ్లాకర్లు వేసుకునేవారి నాడి ఎంత కష్టపడ్డా అంతగా పెరగదు, వాళ్లను "ఎలా ఉంది?" అని నోటితోనే అడగాలి.

వేసవి బ్యాచ్‌ల జాబితా వేసేలోపే ఈ మార్పులు జరగాలి. టికెట్ కౌంటర్ దగ్గర వినతిపత్రం ఉంచాం, సంతకం చేయండి. పిల్లల తరఫున తల్లిదండ్రులు చేయవచ్చు.