సీఎస్‌ఐ సినడ్ పెద్దలకు ఒక మనవి



1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్‌ఐ) ఒక్కటయ్యాయి. బిషప్పులున్న సంఘమూ, బిషప్ పదవే అక్కర్లేదన్న సంఘమూ ఒకే కప్పు కిందికి రావడం చిన్న సంగతి కాదు. బిషప్ పదవి నిలిచింది, కానీ సంఘ రాజ్యాంగానికి లోబడి, సామాన్య విశ్వాసులు కూడా కూర్చునే కౌన్సిల్‌తో కలిసి పనిచేయాలన్న షరతు మీద. అప్పటికే అభిషేకం పొందిన ఇతర సంఘాల గురువులను మళ్లీ అభిషేకం చేయించుకోమనలేదు. ఇంగ్లండులో కొందరు ఆంగ్లికన్లకు ఇది మింగుడుపడలేదు. 1919లో తరంగంబాడిలో ఈ ఐక్యతకు పునాది వేసినవారిలో ముఖ్యుడైన దోర్నకల్ బిషప్ అజరయ్య ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు. కౌన్సిల్‌తో కలిసి పనిచేయాలన్న ఆ షరతును బట్టి చూస్తే, మీ పదవులు పుట్టిందే అధికారం పంచుకోవడంలోంచి. ఇవాళేమో మోడరేటర్ ఎన్నిక తగాదా హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిషన్ స్థలాల లీజులు నలుగురి మధ్యే తేలిపోతున్నాయని విశ్వాసులు వాపోతున్నారు.

పదిమందిని అడుగుతూ కూర్చుంటే పనులు సాగవని మీలో కొందరంటారు. ఆలస్యం నిజమే. ఆ ఐక్యతకే 28 ఏళ్లు పట్టింది, అప్పుడు కూడా నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది బయటే ఉండిపోయారు. తర్వాత వచ్చి చేరారు. 2013లో సీఎస్‌ఐ తొలి మహిళా బిషప్ పుష్పలలిత ఆ నంద్యాల డయోసిస్‌కే వచ్చారు. వెల్లూరు సంగతి చూడండి. ఐడా స్కడర్ 1918లో పెట్టిన మహిళా వైద్య పాఠశాలను ఎంబీబీఎస్ కళాశాల స్థాయికి తేవాల్సి వచ్చినప్పుడు ఆ భారం ఒక్క మిషన్ మోయలేకపోయింది. వేర్వేరు సంఘాలు చేయి కలిపాయి కాబట్టే అది నిలిచింది. ఒంటరి నిర్ణయం త్వరగా అవుతుంది, కోర్టులో మాత్రం ఏళ్ల తరబడి నలుగుతుంది.

ఈ ఎన్నిక, లీజుల తగాదా మన ఇంటి గొడవ, బయటివారికెందుకు అని కూడా అనవచ్చు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా నిరాకరించింది. దాని మీద న్యాయం అడగడానికి మనం ప్రభుత్వం ముందుకు వెళ్లాలి. మన తెలుగు డయోసిస్‌లలో ఆ ఉత్తర్వు దెబ్బ తిన్నవారే ఎక్కువ. వాళ్లకు సంఘంలోనే మాట చెల్లకపోతే, వాళ్ల తరఫున మీరు ఢిల్లీలో మాట్లాడితే ఎవరు నమ్ముతారు?

ప్రతి డయోసిస్ లెక్కలనూ, లీజు ఒప్పందాలనూ పాస్టరేట్ సభల్లో తెలుగులో చదివి వినిపించండి. 1950 ఉత్తర్వు మీద కథోలిక, లూథరన్, బాప్టిస్టు సంఘాలతోనూ, అదే నష్టం అనుభవిస్తున్న దళిత ముస్లింలతోనూ కలిసి ఒకే వినతిపత్రం ఇవ్వండి. వచ్చే సినడ్ సమావేశపు ఎజెండాలో ఈ రెండూ పెట్టమని మా విన్నపం.