ఆటయే వృత్తి యైనచో



"ఆటలు అన్నము పెట్టునా?" యని పెద్దలు పిల్లలను మందలించుట మన యిండ్లలో నెల్లరును వినునదే. కోనసీమలోని అమలాపురము వాడైన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ జీవిత మా ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది.

మనవారు షటిలని పిలుచు బాడ్మింటనే యాతని వృత్తి. అతడు 2000 సంవత్సరమున జన్మించెను. తండ్రి కాశీ విశ్వనాథము వ్యాయామోపాధ్యాయుడు. తానును రాష్ట్రస్థాయిలో నాడినవాడు. ఇంట మొలచిన యా యభిరుచి హైదరాబాదునందు పుల్లెల గోపీచంద్ శిక్షణాలయమున పెరిగినది. 2014లో నచట చేరునప్పటికి సాత్విక్ పదునాలుగేండ్లు మించని బాలుడు. ఆ వయసున బిడ్డను దూరమునకు పంపుట కన్నతల్లి కెంత కష్టమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ వృత్తిలో శ్రమించిన దినముననే ఫలము దొరకదు. 2021లో టోకియో ఒలింపిక్సునందు సాత్విక్, చిరాగ్ శెట్టియు జంటగా నాడి తమ వర్గమున మూడు పోటీలలో రెంటిని గెలిచిరి. వారి చేతిలో నోడిన తైవాను జంటయే తుదకు స్వర్ణపతకమును పొందినది. గెలిచిన వీరు మాత్రము ముందునకు పోజాలక మరలిరి. అయినను సాధన మానలేదు. 2022లో మన దేశమునకు తొలిసారి థామస్ కప్పును తెచ్చిన జట్టులో వీరుండిరి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలయందు బాడ్మింటనున మన దేశమునకు మొదటి స్వర్ణమును సంపాదించి, ఆ నెలలోనే ప్రపంచమున ప్రథమ స్థానమందుకొనిరి. 2024లో పారిస్ ఒలింపిక్సున మరల పతకము చేజారినది. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి గతించెను. ఆ యేటి ఆగస్టున ప్రపంచ పోటీలలో నీ జంట కాంస్యమును గెలిచినది.

ఇక మనము మనలను ప్రశ్నించుకొనవలసిన మాట యొకటి కలదు. కొడుకును హైదరాబాదు పంపు నిల్లు కూతురును పంపునా? "ఆడపిల్ల యెండలో నల్లబడును, పెండ్లి యీడు వచ్చుచున్నది" యని యాపుదుము. పూసర్ల వెంకట సింధు తల్లిదండ్రు లట్లు తలపలేదు. వారిరువురును వాలీబాల్ ఆడినవారే. కుమార్తె 2016లో ఒలింపిక్ రజతమును, 2019లో ప్రపంచ విజేత పదవిని, 2021లో ఒలింపిక్ కాంస్యమును బడసినది.

ఆడిన పిల్లలందరును సింధులు, సాత్వికులు కాజాలరు. ఆటతో జీవనము గడుపగలవారు కొందరే. కావున చదువును విడిపింపరాదు. కాని యోర్పును, ఆరోగ్యమును, ఓడిన మరునాడే లేచి సాధనకు పోవు ధైర్యమును ఆడిన ప్రతి బిడ్డయు సంపాదించుకొనును. ఇవి కొడుకులకు మాత్రమే కావలసిన గుణములా? ఈసారి వేసవి సెలవులలో కుమారునకు బ్యాటు కొనునపుడు కూతురిచేతికిని ఒకటి యిండు.