గీత, రంగు, ఖాళీ, ఓ తెగిన వత్తు

డిజైన్ అనగానే మా సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామందికి అదేదో ఇల్లంతా కట్టాక చివర్లో వేసే సున్నం లాంటిదని అభిప్రాయం. కోడ్ అయిపోయాక ఎవరో వచ్చి రంగులేసి పోతారు, అంతే! నేనీ మాట ఒప్పుకోను. గీత, ఆకారం, రంగు, ఖాళీ, అక్షరం.. ఇవేవీ కళాకారుల సొత్తు కాదు. చాలావరకు తప్పో ఒప్పో పరీక్షించి చెప్పగలిగినవే.

ఖాళీ సంగతే చూడండి. స్క్రీన్ మీద కాస్త తెల్ల జాగా కనిపిస్తే మన మేనేజర్లకి ప్రాణం ఒప్పదు, రియల్ ఎస్టేట్ వాళ్ళకి ఖాళీ స్థలం కనిపించినట్టు. కానీ ఖాళీ కూడా సమాచారమే. దగ్గరగా ఉన్నవాటిని మన కన్ను ఒక గుంపుగా చూస్తుందని మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వవేత్త 1923లోనే రాశాడు. ఫారంలో 'ఊరు' అన్న మాట పై పెట్టెకీ కింది పెట్టెకీ సరిగ్గా మధ్యలో ఉందనుకోండి, అది దేనికి చెందిందో తెలీక తికమకే. దానికోసం చుట్టూ గీతలు గీసి డబ్బాలు కట్టక్కర్లేదు, దాని పెట్టెవైపు కాస్త జరిపితే చాలు. (బాపు గారి కార్టూన్లు గుర్తు తెచ్చుకోండి. నాలుగు గీతలు, మిగతాదంతా తెల్ల కాయితమే!)

రంగు గురించి ఎక్కువ చెప్పను. మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని 2008 నాటి వెబ్ ప్రమాణాల్లో ఉంది. లెక్కగట్టే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. అయినా తెల్లటి తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టి 'క్లీన్ లుక్' అంటారు. నలభై దాటిన కళ్ళతో చదివి చూడమనండి.

నా అసలు బాధ తెలుగు అక్షరాల దగ్గర. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. మనవాటికి పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషు కొలతలతో చేసిన బొత్తాంలో తెలుగు మాట కుక్కితే కిందిది తెగుతుంది. 'చెల్లించు' కాస్తా 'చెలించు', 'రద్దు' కాస్తా 'రదు'! డబ్బు కట్టే స్క్రీన్ మీద ఈ రెండు బొత్తాల ముందు ఒక పెద్దావిడ నిలబడిందనుకోండి. ఏది నొక్కాలో తెలీక ఫోను పక్కవాడి చేతికిస్తుంది, పిన్ నంబరుతో సహా. మనమేమో ఆవిడకి టెక్నాలజీ రాదని తేల్చేస్తాం! తేదీ తప్పు పడితే అర్ధరాత్రి లేపే మన టీములు, వత్తు తెగితే మాత్రం 'కాస్మెటిక్' అని రాసి మూలన పడేస్తాయి.

మందు పెద్దదేం కాదు. వరసల ఎత్తు అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెంచినా ఏమీ తెగిపోకూడదని 2018 ప్రమాణాలే చెప్తున్నాయి. తెలుగుకి నేను అక్కడినుంచే మొదలుపెడతాను. బొత్తాం ఎత్తుని అంకెల్లో బిగించను, లోపలి మాటని బట్టి పెరగనిస్తాను. చిన్న సైజులో బోల్డ్ వాడను, అక్షరాల్లోని కన్నాలు పూడిపోతాయి కాబట్టి. ఇటాలిక్ అయితే అసలే వద్దు. ఇంగ్లీషు వాడు వాలాడని మనం వాలడం ఎందుకండీ?

అన్నట్టు, స్క్రీన్లు పరీక్షించడానికి లాటిన్ డమ్మీ మాటలు కాకుండా 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' పెట్టి చూడండి. ముందు మీ దగ్గరున్న అతి చిన్న బొత్తాంలో.