ఆ 240 గంటలు

డిగ్రీలో చేరిన రెండో నెలలోనో మూడో నెలలోనో కాలేజీ నోటీసు బోర్డు మీద ఓ కాగితం కనిపిస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాలనుకునేవాళ్లు పేర్లు ఇవ్వాలని! పక్కనే ఫీజు గడువు నోటీసు ఉంటుంది కాబట్టి చాలామంది దాని వంక చూడరు. ఇచ్చే కొద్దిమందీ ఎందుకిస్తారు? స్నేహితుడు ఇచ్చాడని ఒకరు, సర్టిఫికెట్ వస్తుందని ఒకరు, నాలుగు క్లాసులు ఎగ్గొట్టొచ్చని ఇంకొకరు. తప్పేం లేదు. ఎందుకు చేరామన్నది పెద్ద విషయం కాదు. చేరాక ఆ రెండేళ్లూ ఏం చేశామన్నదే అసలు సంగతి.

గంటల లెక్క

చదువుకునే పిల్లలు సమాజానికి స్వచ్ఛందంగా కొంత సేవ చేయాలన్న మాట కొత్తది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో సర్వేపల్లి రాధాకృష్ణన్ నాయకత్వంలోని విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఆ సూచన చేసింది. ఆయన అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినవారే. అది కార్యరూపం దాల్చింది మాత్రం గాంధీజీ శతజయంతి ఏడాదిలో. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. అప్పుడు వాలంటీర్లు 40 వేల మంది. ఇప్పుడు లక్షల్లో ఉన్నారు.

వాలంటీర్లు చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జిని ఎప్పుడైనా గమనించారా? అది కోణార్క్ సూర్య దేవాలయంలోని రథచక్రం. దాని ఎనిమిది ఆకులూ రోజులోని ఎనిమిది జాములకు, అంటే 24 గంటలకు గుర్తు. ఏ వేళ పిలిచినా సిద్ధమేనని అర్థం. ఆచరణలో అడిగేది అంత ఎక్కువేం కాదు. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240. మధ్యలో ఏడు రోజులు ఓ ఊళ్లో ఉండే ప్రత్యేక శిబిరం. 'ఇవన్నీ పెట్టుకుంటే చదువేం కాను?' అని బెంగపడే తల్లిదండ్రులు ఓసారి లెక్క వేసుకోవాలి. 120 గంటలంటే వారానికి రెండు గంటల పైచిలుకు... ఒక సినిమా పాటి సమయం!

యాభైమందికి వంట

గంటల లెక్క సులువే. ఆ ఏడు రోజులే కష్టం. సాధారణంగా శిబిరానికి ఒక యూనిట్ నుంచి యాభైమంది వెళ్తారు. మకాం ఊరి బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, సాయంత్రం ఊరివాళ్లతో సమావేశం. చాలాచోట్ల వంట కూడా పిల్లలదే. బృందాలుగా విడిపోయి వంతులు వేసుకుంటారు.

ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా అమ్మే అందించాల్సిన కుర్రాడిని ఊహించుకోండి. ఇవాళ వంట వంతు అతనిది. యాభైమందికి ఒక్క పూటకు ఆరేడు కిలోల బియ్యం కావాలి. ఎసరు ఎంత పెట్టాలో తెలియదు. ఉప్పు ఎక్కువైతే యాభైమందీ తిడతారు. పొయ్యి ఆలస్యంగా వెలిగిస్తే, తట్టలు మోసి వచ్చినవాళ్లు ఖాళీ కంచాలతో కూర్చుంటారు. పరీక్షలో తప్పితే నష్టం తనకొక్కడికే. ఇక్కడ తన తప్పుకు ఇంకొకరి కడుపు మాడుతుంది. 'నా మీద ఆధారపడి నలుగురున్నారు' అన్న సంగతి ఎన్ని వ్యక్తిత్వ వికాస తరగతులు విన్నా అంత బాగా ఒంటబట్టదు.

ఇంకో అమ్మాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చింది. సెమినార్‌లో లేచి నిలబడితే గొంతు పెగలదు. ఆమె చేతిలో సర్వే కాగితాలు పెట్టి ఓ వీధి అప్పగించారు. మొదటి తలుపు తట్టడానికి పది నిమిషాలు తటపటాయిస్తుంది. 'అవ్వా, ఇంట్లో ఎంతమంది ఉంటారు?' అని అడిగితే, అవ్వ ఎదురు ప్రశ్న వేస్తుంది... 'ఇవన్నీ రాసుకుపోయి ఏం చేస్తారమ్మా? పింఛను ఇప్పిస్తారా?' జవాబు పుస్తకంలో లేదు. ఇప్పిస్తామని అబద్ధం చెప్పలేదు. మాకు తెలియదని వచ్చేయనూ లేదు. అక్కడే నిలబడి తనకు తోచింది చెప్పాలి, పంచాయతీ కార్యదర్శిని అడిగి మళ్లీ రావాలి. నలభై ఇళ్లు తిరిగేసరికి సెమినార్ హాలు చిన్నదైపోతుంది!

సర్వే ఒక్కోసారి అడిగేవాళ్ల మీదికే తిరుగుతుంది. ఆడవాళ్లలో రక్తహీనత గురించి ఊరంతా వివరాలు రాసుకుని, చివరి రోజు రక్తదానానికి నిలబడితే, 'నీకే హిమోగ్లోబిన్ చాలదమ్మా' అని వెనక్కి పంపేస్తారు. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్లు నిండాలి, 45 కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకూడదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ అంకెలో తానూ ఉన్నానని తెలిసిన రోజు ఆ అమ్మాయి కాగితం పట్టుకునే తీరే మారిపోతుంది. అప్పటిదాకా అవి ఎవరి లెక్కలో!

నీళ్లెవరు పోస్తారు?

ఇదంతా సవ్యంగా జరిగినప్పటి మాట. సవ్యంగా జరగని శిబిరాలూ ఉన్నాయి. మొదటి రోజు ర్యాలీ, బ్యానర్, ఫొటో. ఎండలు ముదిరే వేళ మొక్కలు నాటడం. 'వీటికి నీళ్లెవరు పోస్తారు నాయనా?' అని ఊరి పెద్దాయన అడిగితే నవ్వేసి ఊరుకోవడం. నెల తిరిగేసరికి మొక్కలుండవు, పాదులు మిగులుతాయి. డైరీలో మాత్రం గంటలన్నీ నిండి ఉంటాయి. వాటిలో కొన్ని ఒకే రాత్రి, ఒకే పెన్నుతో నిండినవి!

ఇందులో మోసపోయేది ఎవరు? ఊరు మోసపోదు. ఇలాంటి ర్యాలీలను అది చాలానే చూసింది. కాలేజీకీ నష్టం లేదు, నివేదిక వెళ్లిపోతుంది. నష్టపోయేది ఆ వాలంటీరే. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూసి 'శిబిరంలో నువ్వేం చేశావు?' అని అడిగితే 'మొక్కలు నాటాం సార్' అంటాడు. 'ఇప్పుడెలా ఉన్నాయి?' అన్నది రెండో ప్రశ్న. దాని దగ్గర మాట ఆగిపోతుంది.

అందుకే చేరేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఏడు రోజుల్లో పది పనులు కాకుండా, ఊరు అడిగిన ఒక్క పని చేయండి. బోరింగు చుట్టూ నిలిచే మురుగునీటికి కాలువ తవ్వినా చాలు. సర్వే చేస్తే ఆ వివరాలు కాలేజీ బీరువాలో దాచకుండా పంచాయతీకి ఒక ప్రతి ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, మళ్లీ వెళ్లండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో దత్తత గ్రామం అన్న ఏర్పాటు ఉన్నది అందుకే. మూడు నెలల తర్వాత ఎవరూ పిలవకుండా ఆ ఊరి బస్సెక్కితే, అదే అసలైన శిబిరం. అమ్మాయిలను పంపడానికి జంకే తల్లిదండ్రులు వద్దనేముందు కాలేజీకి వెళ్లి మకాం ఎక్కడ, వెంట ఏ అధ్యాపకురాలు ఉంటారు అని అడగాలి. అలా అడిగేవాళ్లుంటే ఏర్పాట్లూ మెరుగుపడతాయి.

రెండో ఏడు

రెండేళ్లు ఎందుకు పెట్టారన్నది రెండో ఏడులో గానీ తెలియదు. మొదటి ఏడు సీనియర్లు చెప్పిన చోట పార పట్టుకుంటే సరిపోతుంది. రెండో ఏడు ఎవరికి పార ఇవ్వాలో, ఎవరిని వంటకు పంపాలో మీరే చెప్పాలి. బద్ధకించే వాడిని తిట్టకుండా లేపాలి. అలిగిన ఇద్దరిని ఒకే బృందంలో కలిపి నడిపించాలి. మాట వినేవాడు, చెప్పేవాడిగా మారేది అక్కడే.

ఎన్‌ఎస్‌ఎస్ నినాదం 'నాట్ మీ బట్ యూ'. నా కోసం కాదు, నీ కోసం అని. యాభైమంది ఏడు రోజులుండి వస్తే ఊరు మారిపోదు. ఒక కాలువ, ఒక జాబితా, బతికిన నాలుగు మొక్కలు... అంతకంటే ఎక్కువ ఆశించడం అత్యాశే. కానీ ఇంటికి తిరిగొచ్చిన కొడుకు తన కంచం తానే కడుక్కుంటాడు. కూతురు ఆకుకూర వద్దనడం మానేస్తుంది. అమ్మకు అర్థమవుతుంది, ఆ గంటలు ఎక్కడికీ పోలేదని.