కొండ మీద యంత్రం ఉండాలి

దేశంలోని 1,000 ప్రభుత్వ ఐటీఐలను రూ.60,000 కోట్లతో ఆధునికీకరించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 మేలో ఆమోదం తెలిపింది. ఇందులో అరకులోయ వంటి ఏజెన్సీ ఐటీఐలకు దక్కే చోటేమిటన్నదే మన్యం ప్రశ్న. 200 హబ్‌ (కేంద్ర) ఐటీఐలు, వాటికి అనుబంధంగా 800 స్పోక్‌ ఐటీఐలు అన్నది పథకం అల్లిక. హబ్ మైదానంలో, స్పోక్ కొండ మీద అయితే యంత్రం ఒకచోట, విద్యార్థి మరోచోట మిగిలిపోతారు. ఉదాహరణకు, కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే సీఎన్‌సీ యంత్రం పని దూరం నుంచి చూసి వచ్చేది కాదు. ఆ యంత్రానికిచ్చే ఆదేశాల్లో జీ-00 అంటే టూల్ వేగంగా జరగడం, జీ-01 అంటే నిర్దేశించిన ఫీడ్‌తో లోహాన్ని కోయడం అని పరీక్షలో రాయడం తేలికే. కొన్ని కంట్రోలర్లలో అంకె పక్కన దశాంశ చుక్క మరిస్తే 10 మిల్లీమీటర్లు కాస్తా 10 మైక్రాన్లవుతాయన్నది మాత్రం యంత్రం ముందు నిలబడితేనే ఒంటబడుతుంది. సిమ్యులేటర్ బెరుకు పోగొడుతుందే గానీ, టూల్ అరిగిన చప్పుడు నేర్పదు. కాబట్టి ఏజెన్సీలోని ప్రతి స్పోక్‌కూ కనీసం ఒక శిక్షణ లేత్, ఒక మిల్లింగ్ యంత్రం, ఒడుదొడుకులు లేని త్రీఫేజ్ కరెంటు, శాశ్వత శిక్షకుడు ఉండాలి.

హబ్‌కు పంపక తప్పని వారాల్లో విద్యార్థుల బస, భోజనం, బస్సు ఛార్జీల భారం పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) భరించాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు పాఠాన్ని ముందుగా వారి మాటలో అర్థమయ్యేలా చెప్పించాలి. చదువయ్యాక అందరినీ విశాఖలోని పారిశ్రామిక ప్రాంతమైన గాజువాకకే తోలడమూ సరికాదు. ఇక్కడి కాఫీ పండ్ల తొక్క తీసే పల్పింగ్ యంత్రాల విడిభాగాల తయారీ, మరమ్మతు పనులను స్థానిక యువతకు అప్పగించే ఏర్పాటు ఇప్పుడే మొదలుపెట్టాలి.