జవాబు చెప్పిందెవరు?

కేంద్ర ఆరోగ్య శాఖలో వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం చూస్తున్న అధికారులకు,



మా అమ్మకు డిమెన్షియా. పోయిన ఏడాది ఒక ఆసుపత్రిలో డాక్టరుగారు "నీరసంగా ఉంటోందా అమ్మా?" అని అడిగితే, "నాకేం నీరసం నాయనా, తెల్లారగట్లే లేచి కళ్లాపి చల్లి, నాలుగు ఇడ్లీలు తిని వచ్చా" అంది. మేముండేది మూడో అంతస్తులో. ఇడ్లీ పళ్లెం ముట్టనేలేదు. కాగితం మీద మాత్రం అమ్మ భేషుగ్గా ఉన్నట్టే పడింది. పక్కనే ఉన్న నన్ను అడిగుంటే గాజుల సంగతి చెప్పేదాన్ని. ఒకప్పుడు సబ్బు రాస్తే గానీ ఎక్కని గాజులు, చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతున్నాయి.

వయసుతో ఒళ్లు డీలా పడిపోవడాన్ని వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో లిండా ఫ్రీడ్ బృందం దానికి అయిదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ ఉన్నట్టే. ఇందులో అలసట సంగతి మనిషే చెప్పుకోవాలి. పిడికిలి బిగించాలన్నా చెప్పిన మాట బుర్రకెక్కాలి. అమ్మ ఆ పట్టు కొలిచే పరికరాన్ని అటూ ఇటూ తిప్పి, కొంగుతో తుడిచి, "మీదే బాబూ" అని తిరిగిచ్చేసింది. బలం లేకనా, మాట అర్థం కాకనా?

కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో తెచ్చిన క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలులో ఇంట్లోవాళ్ల మాటకూ చోటుంది. దాంట్లోనూ ఒక తిరకాసుంది. డిమెన్షియా ఎంత ముదిరితే ఫ్రెయిల్టీ అంత ఉన్నట్టు లెక్క. వీధులన్నీ తిరిగొచ్చే గట్టి మనిషీ, గోడ పట్టుకుంటే గానీ నడవలేని మనిషీ ఒకే అంకె కింద పడిపోవచ్చు. అందుకే అంకెతో పాటు బరువూ నడకా కూడా చూడాలి. ఏ మాత్ర తగ్గించాలి, ఆపరేషన్‌కు తట్టుకుంటారా అన్నవి తేల్చేటప్పుడు ఇవీ లెక్కకొస్తాయి.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య అంచనా ఫారంలో 60 దాటినవారికి మీరు పెట్టిన నాలుగు ప్రశ్నలూ మంచివే: తూలడం, వైకల్యం, రోజువారీ పనుల్లో సాయం, మతిమరుపు. కానీ అయినవాళ్ల పేర్లు మర్చిపోతున్నారా అని, మర్చిపోయే మనిషినే అడిగితే ఏం తేలుతుంది? ఆ ప్రశ్నల పక్కన ఒక గడి పెట్టండి, 'జవాబు చెప్పిందెవరు' అని. కిందనే ఇప్పటి బరువు, పోయినసారి బరువు. నడక వేగం తెలియడానికి నాలుగు మీటర్లు నడిపించి చూడొచ్చు, దానికి మా వరండా చాలు.

ఆ గడి ఉంటే, ఈసారి వచ్చే ఆశా అమ్మాయి నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుని వచ్చేదాకా ఆగుతుంది.

ఇట్లు,
అమ్మను చూసుకుంటున్న ఓ కూతురు
విజయవాడ