ఒకే గడిలో ఎన్ని వ్యాపారాలు!

2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో యంత్రపరికరాల మీద 2.5 కోట్ల రూపాయల లోపు పెట్టుబడి, ఏడాదికి 10 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న సంస్థ ఏదైనా సూక్ష్మ సంస్థే. అంటే తెల్లారకముందే ఇడ్లీ బండి సర్దుకునే మనిషీ, హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ మిషన్ల మీద విడిభాగాలు చేయించే యజమానీ కాగితం మీద ఒకే తరగతి. ఈ లెక్క డబ్బును కొలుస్తుంది. ఆ వ్యాపారం ఎందుకు మొదలైందో, ఎటు పోతోందో చెప్పదు.

వేరే పని దొరక్క బండి పెట్టుకున్నవారికి ముందు కావలసింది విస్తరణ సలహాలు కాదు. నిలబడే చోటు, రోజువారీ వడ్డీల నుంచి విముక్తి. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. అయినా బండ్లు ఎత్తేసే వార్తలు ఆగలేదు. లేత్ యజమాని బాధ వేరు. సరుకు పంపి నెలలు గడిచినా బిల్లు రాదు. గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల 2006 చట్టం చెబుతున్నా, పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు వస్తుందా అన్నది అతని భయం. ఇద్దరికీ ఒకే పథకం ఇస్తే ఇద్దరికీ అందదు.



ఈ ఇద్దరికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది తెలంగాణలోని ముల్కనూరు మహిళల సహకార డెయిరీ. పాలు పోసే ఆడవాళ్లే దాని యజమానులు. పెట్టుబడిని బట్టి గీసిన ఏ గడీ ఆ సంగతి పట్టుకోలేదు. అందుకే ఈ సంచికలో ఎక్కువ పేజీలు సహకార వ్యాపారాలకే ఇచ్చాం. బండి వ్యాపారుల అప్పుల మీద సుదీర్ఘ వ్యాసం కూడా ఉంది. విధానాలు రాసేవారు ముందు దాన్ని చదవాలని నా విన్నపం.